సారె నేర్పిన మొదటి పాఠం

కుండ చేయటం చూసేవారికి నిమిషాల పని, నేర్చుకునేవారికి నెలల పని. వేసవి సెలవులలో మా మద్రసా పిల్లలతో పాటు మేము కూడా ఒక కుమ్మరి పెద్దాయన వద్ద శిష్యులమై మోటారు సారె ముందు కూర్చున్నాము. అక్కడ గమనించిన ఒక విషయాన్ని తల్లిదండ్రులైన చదువరులకు విన్నవించదలచాము.

మొదటి రోజు ఆయన ఎవరి చేతా కుండ చేయించలేదు. గాలి బుడగలు లేకుండా మట్టిని పిసకటం, ముద్దను సారె నడిమధ్యకు తేవటం, పాఠం అంతే. ముద్ద కాస్త పక్కకు ఉన్నా చేతులను ఊపేస్తుంది. మోచేతులు తొడలకు ఆనించి, తడి చేతులతో నిదానంగా అదుముతూ ఉంటే ఒక క్షణాన, తిరుగుతున్న ముద్దే కదలనట్లు కనిపిస్తుంది. అది కుదరకముందే బొటనవేళ్లతో గుంట తీస్తే గోడ ఒకవైపు మందంగా, మరొకవైపు పలుచగా లేచి కూలిపోతుంది. ఖాయిదా పిల్లలకు అక్షరాల మఖారిజ్‌నే వారాల తరబడి చెప్పటంలోని కారణమూ ఇదే.

సాయంత్రం వచ్చిన పెద్దలలో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఏం చేశావు బేటా? చూపించు.” రెండవ రోజు ఒక బాలుడు రాలేదు. పక్కవాడు ఎలాగో చేసిన ప్రమిదతో తండ్రి పోల్చి మాట్లాడారట. పెద్దాయన స్వయంగా కబురు పంపాక మూడవ రోజు వచ్చాడు.

ఆ రోజు అతని కుండ మూడుసార్లు కూలింది. పెద్దాయన కసురుకోలేదు. ఆ మట్టిని ఎత్తి, తడి ఆరనిచ్చి, మళ్లీ పిసికి అతనికే ఇచ్చారు. పచ్చి మట్టి ఎన్నిసార్లు కూలినా వృథా కాదు. ఆవంలో కాలిన తరువాత పగిలితే మాత్రం పెంకే. ఎంత నానబెట్టినా తిరిగి ముద్ద కాదు.

మానవుడు సృజించబడిన మట్టిని దివ్య ఖుర్ఆన్ అర్రహ్మాన్ సూరా 14వ ఆయత్‌లో కుండతో పోల్చటం మనకు తెలిసినదే. బాల్యం పచ్చి మట్టి కాలం. పొరపాటు పడి మళ్లీ మొదలుపెట్టే వీలున్న ఆ రోజులలో, ‘నా వల్ల కాదు’ అనే మాట బిడ్డ మనసులో కాలి గట్టిపడనీయరాదు. ఏ విద్యకు పంపినా తొలినాళ్లలో “ఏం తెచ్చావు?” అని కాక, “ఈ రోజు కొత్తగా ఏం తెలిసింది?” అని అడుగుదాము.

అల్లాహ్ మనకు ఆ సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.