మా పెరట్లో లేని ఎర్ర మచ్చ

ముందే ఒప్పేసుకుంటా. పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను మన గ్రూపులో పెట్టిన గురుగ్రహం ఫొటో గుర్తుందా? "నేలకొండపల్లి నుంచి నాసా" అని కామెంట్లు పెట్టారు, కొందరు డీపీ కూడా పెట్టుకున్నారు. అందులో అందరికీ నచ్చిన ఆ ఎర్ర మచ్చ నేను తీసింది కాదు. ఆ రాత్రి ఆ టైముకి అది మా ఊరి నుంచి కనిపించే అవకాశమే లేదు.

ఎలా జరిగిందో చెప్తా. ఎందుకంటే మనలో సగం మంది రేపు ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లమే.

2026 జనవరి 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు. అంటే రాత్రంతా ఆకాశంలోనే ఉంటాడు, మామూలు కంటే పెద్దగా, కాంతిగా కనిపిస్తాడు. అప్పుడు మిథున రాశిలో ఉన్నాడు కాబట్టి మాకు అర్ధరాత్రికి దాదాపు నడినెత్తి మీదకి వచ్చేవాడు. నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆరంగుళాల అద్దం టెలిస్కోపు, ఒక పాత కెమెరా ఉన్నాయి. గ్రహాల ఫొటోలకి చిమ్మచీకటి అడవి అక్కర్లేదు. గెలాక్సీలకి కావాలి గానీ గురుడు, శని వీధిలైట్ల మధ్య కూడా దొరుకుతారు. వాళ్లకి కావలసింది కదలని గాలి.

అది తెలియక మొదటి రెండు రాత్రులు డాబా మీద పెట్టా. పగలంతా ఎండకి కాగిన స్లాబు రాత్రి వేడి వదులుతుంటే, గురుడు కాగే నీళ్ల అడుగున పడిన రూపాయి బిళ్లలా వణికాడు. మూడో రోజు కిందకి దింపి, పెరట్లో మట్టి నేల మీద, జామచెట్టు పక్కన పెట్టా. అద్దం చల్లబడటానికి గంటసేపు వదిలేశా. అప్పుడు కుదురుగా నిలబడ్డాడు. రెండు పట్టీలు, పక్కన నాలుగు చందమామలు. నాయనమ్మని పిలిచి చూపించా. కన్ను పెట్టి, "ఏందిరా, ఇంతేనా? శనగ గింజంత లేదు" అంది. నిజమే. ఆకాశంలో మన చంద్రుడి వెడల్పులో అది దాదాపు నలభయ్యో వంతే.

ఒక్క ఫొటో తీస్తే ఏమీ రాదు. రెండు నిమిషాల వీడియో తీయాలి. నా టెలిస్కోపుకి మోటారు లేదు, గురుడు ఫ్రేములోంచి జారిపోతుంటే చేత్తో నెట్టుకుంటూ ఉండాలి. సెకనుకి 60 ఫ్రేములంటే 7,200 ఫ్రేములు. వాటిలో గాలి కాసేపు ఊపిరి బిగబట్టిన క్షణాలవి కొన్ని ఉంటాయి. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. 900 మంచి ఫ్రేములు పేరిస్తే నాయిస్ ముప్పై రెట్లు తగ్గుతుంది. స్క్వేర్ రూట్ లెక్క, మనం ఫస్టియర్‌లో చదివిందే. పోనీ పావుగంట వీడియో తీద్దామంటే కుదరదు. గురుడు 9 గంటల 56 నిమిషాలకి ఒక చుట్టు తిరిగేస్తాడు, వివరాలు అలుక్కుపోతాయి.

ఇంత చేస్తే వచ్చింది కొంచెం మసకగా, రెండు గోధుమరంగు పట్టీలతో ఉన్న ఒక బిళ్ల. నాకు సరిపోలేదు. ఇన్‌స్టాలో అందరివీ మెరిసిపోతున్నాయి. ఒక ఏఐ యాప్‌లో వేసి "ఎన్‌హాన్స్" నొక్కా. పది సెకన్లలో పట్టీల్లో సుడులు, అంచులు, కింద ఎర్ర మచ్చ. నా టెలిస్కోపు ఇంత గొప్పదా అని మురిసిపోయి గ్రూపులో పెట్టేశా.

మర్నాడు ఒక జూనియర్ మెసేజ్ చేశాడు: "అన్నా, ఎన్ని గంటలకి తీశావు?" టైమ్ చెప్పా. పావుగంట తర్వాత విన్‌జూపోస్ లెక్క పంపాడు. ఆ మచ్చ కూడా గ్రహంతో పాటు తిరుగుతుంది కదా, సుమారు ఐదు గంటలు మనవైపు, ఐదు గంటలు అవతలి వైపు. నేను తీసినప్పుడు అవతల ఉంది. వాడు వెక్కిరించలేదు, "చూసుకో అన్నా" అన్నాడంతే. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ఇక్కడ మీరు అడగొచ్చు: పేర్చడం కూడా ప్రాసెసింగే కదా, నాసా వాళ్లూ రంగులు మారుస్తారు కదా, తేడా ఏముంది? ఉంది. పేర్చినప్పుడు ఫొటోలో ఉన్న వెలుగంతా ఆ రాత్రి నా అద్దం మీద పడినదే. రంగులు మార్చినా పడినదాన్నే వేరేగా చూపిస్తాం. యాప్ చేసింది అది కాదు. ఇలాంటి మోడల్ పాత ఫొటోలు చూసి "గురుడంటే ఇలా ఉంటాడు" అని నేర్చుకుంటుంది. నా మసక బిళ్లని చూసి, దానికి తెలిసిన గురుణ్ణి గీసిచ్చింది. నా ఫొటోని మెరుగు చేయలేదు, మార్చేసింది.

"ఎవరికి నష్టం, హాబీయే కదా" అని నేనూ అనుకున్నా. కానీ ఈ హాబీ చరిత్ర చూస్తే అలా అనలేం. 2006లో ఫిలిప్పీన్స్‌లోని సెబూలో క్రిస్టఫర్ గో అనే అమెచ్యూర్, గురుడి మీద తెల్లగా ఉండే ఒక మచ్చ ఎర్రబడిందని గమనించాడు. 2009 జులై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ తన ఇంటి దగ్గరి టెలిస్కోపుతో తీస్తుంటే గురుడి మీద ఒక నల్ల మచ్చ కనిపించింది. ఏదో గుద్దుకున్న దెబ్బ అది. ఆయన చెప్పాకే పెద్ద టెలిస్కోపులు అటు తిరిగాయి, కొన్ని రోజులకి హబుల్ కూడా తీసింది. ఆ రాత్రి వెస్లీ "ఎన్‌హాన్స్" నొక్కి ఉంటే? పాత గురుళ్లని మాత్రమే చూసిన మోడల్‌కి ఆ కొత్త మచ్చ ఒక నాయిస్. తుడిచేసి, అలవాటైన గురుణ్ణి అందంగా చేతిలో పెట్టేది. కొత్తది కనిపించే అవకాశాన్నే తీసేస్తుంది. నా భయం అదీ.

ఇది మనకి దూరపు కథేం కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు అక్కణ్ణుంచి చూసి, ఆ వివరాలని లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చువేయించారు. శుక్రుడి అంచు సూర్యుడి అంచుని తాకే క్షణంలో మధ్యలో నల్లటి బొట్టు సాగినట్టు కనిపిస్తుంది. దానివల్ల ఆ కాలంలో ఒకరి టైముకి ఇంకొకరి టైము కలిసేది కాదు. అయినా చూసినవాళ్లు ఎవరు చూసింది వాళ్లు రాశారు. పక్కవాడి టైముకి సరిపోయేలా దిద్దుకుంటే ఆ లెక్కలకి విలువేం ఉండేది?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. ఫొటోతో పాటు తేదీ, టైము, ఊరు రాయాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడామో రాయాలి. అసలు వీడియో డిలీట్ చేయకూడదు. ఏఐతో గీయిస్తే "ఇది బొమ్మ" అని చెప్పాలి. బొమ్మలు గీయించుకోవడం తప్పు కాదు, దాన్ని ఫొటో అనడమే తప్పు. మన ఫొటోగ్రఫీ కాంటెస్ట్‌లో కూడా ఈ రూల్ పెట్టాలని నా కోరిక. పెడితే ముందు డిస్‌క్వాలిఫై అయ్యేది నేనే.

గ్రూపులో ఆ ఫొటో తీసేసి, సారీ చెప్పి, మసకదాన్ని పెట్టా. నాలుగు లైకులు వచ్చాయి. కానీ అప్పటికే నాన్న మెరిసేదాన్ని ప్రింట్ తీయించి, ఫ్రేమ్ కట్టించి, ముందుగదిలో తగిలించాడు. ఇంటికొచ్చినవాళ్లందరికీ "మావాడు మన పెరట్లోంచి తీశాడు" అని చూపించేవాడు. పోయిన నెల వెళ్లినప్పుడు దాన్ని దింపి, మసక గురుణ్ణి పెట్టా. అమ్మ చూసి, "మొదటిదే బాగుంది కదరా" అంది.

బాగుందమ్మా. కానీ మన పెరట్లోంచి కనిపించింది ఇదీ.