ఇంజను ‘బోరుకొచ్చింది’ అని తీర్పు చెప్పే ముందు

యాంగోన్ నగరానికి నడిబొడ్డు చౌక్తడా. సూలే పగోడా, నగర సభా భవనం, మహాబందూల ఉద్యానవనం, పన్సొడాన్ వీధి అన్నీ ఆ పేటలోనివే. తెల్లవారుజామున అక్కడ ఒక పాత టాక్సీ తాళం తిప్పగానే వెనుకనుండి నీలిపొగ ఒక్క ఉదుటున వెలువడి, అరనిమిషంలో సద్దుమణుగుతుంది. యజమాని నిట్టూరుస్తాడు. మెకానిక్కు ‘బోరుకొచ్చింది’ అని తీర్పు చెబుతాడు. ఇంజను దింపుతారు, సిలిండర్లకు బోరింగు చేయిస్తారు, పిస్టన్లూ రింగులూ మారుస్తారు. కొన్ని వారాలకు అదే పొగ మళ్ళీ కనబడుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే. దోషం సిలిండరులో లేదు. దానిపైనున్న హెడ్డులో, వాల్వు కాడకు తొడిగిన చిన్న రబ్బరు సీలులో ఉన్నది.

ఇంజను నిమిషానికి రెండువేలసార్లు తిరిగితే ప్రతి వాల్వూ వేయిసార్లు తెరుచుకొని మూసుకుంటుంది. దాని కాడ గైడు అనే సన్నని గొట్టంలో జారుతుంది. ఆ రాపిడికి కొద్దిపాటి ఆయిలు కావాలి, ఎక్కువ పనికిరాదు. ఆ కొలతను కాపాడేదే సీలు. అది గట్టిపడినప్పుడు రాత్రంతా ఆయిలు కాడ వెంబడి దిగి, ఉదయం మంట తగలగానే నీలిపొగ అవుతుంది. దిగుడు బాటలో యాక్సిలరేటరు వదిలి మళ్ళీ తొక్కినప్పుడు వచ్చే పొగకు కూడా సాధారణంగా కారణమిదే. మూసిన గొంతు వెనుక ఏర్పడే శూన్యం ఆయిలును లోనికి పీలుస్తుంది. బరువు లాగుతున్నంతసేపూ ఎడతెగని పొగ వస్తేనే రింగులను ముందుగా అనుమానించాలి. ఈ తేడాను గమనించడానికి ఖర్చేమీ లేదు, ఓర్పు మాత్రమే కావాలి.

సీలు ఎందుకు గట్టిపడుతుందన్నది రసాయనశాస్త్ర విషయం. చౌకగా దొరికే నైట్రైలు రబ్బరు సుమారు 120 డిగ్రీల సెల్సియసు వరకు మన్నుతుంది. ఆపై వేడికీ, గాలిలోని ఆమ్లజనికీ లోనైతే దాని అణుశృంఖలాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, మెత్తని పదార్థం పెంకులా మారుతుంది. ఫ్లోరిన్ కలిసిన రబ్బరు సుమారు 200 డిగ్రీల వరకు నిలుస్తుంది. ఎగ్జాస్టు వాల్వు కాడ ఇన్‌లెట్ కాడకన్న చాలా వేడెక్కుతుంది గనుక అక్కడ నైట్రైలు తొడగడం పొదుపు కానేరదు. రంగు చూసి రబ్బరు జాతిని నిర్ణయించడం కూడా పొరపాటే; రంగు తయారీదారు ఇష్టం.

మంచి సీలు కొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. కాడపై తాళపు గాడి అంచు కత్తివలె పదునుగా ఉంటుంది. దానిపై ప్లాస్టిక్ తొడుగు వేయకుండా, ఆయిలు పూయకుండా సీలును దింపితే పెదవి అక్కడే చిరుగుతుంది. సుత్తితో కొట్టి దింపితే ఒక ప్రక్కకు ఒరుగుతుంది. గైడు కొలతకు సరిపోయే గొట్టంతో తిన్నగా నొక్కి కూర్చోబెట్టాలి.

అన్నిటికన్న ఎక్కువగా విస్మరించబడుతున్నది ఎడం చూడటం. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగుపైనున్న రిటైనరు అడుగుభాగం సీలు నెత్తిన తగలకూడదు. వాల్వు మూసి ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య దూరాన్ని కొలిచి, అందులోనుండి వాల్వు దిగే దూరాన్ని తీసివేస్తే కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్లు మిగలాలి. వాల్వు 9 మిల్లీమీటర్లు దిగుతూ, కొలిచిన దూరం తొమ్మిదిన్నరే అయితే మిగిలేది అర మిల్లీమీటరు. క్రొత్త గైడు కొంచెం పైకి నిలిచినా, సీలు పాతదానికన్న ఎత్తుగా ఉన్నా ఆ కాస్తా హరించుకుపోతుంది. రిటైనరు దెబ్బకు క్రొత్త సీలు నలిగిపోతుంది. నింద మాత్రం ‘సరుకు మంచిది కాదు’ అంటూ అంగడివాని మీద పడుతుంది.

రెండవ ఎడం ట్యాపెట్ల వద్ద ఉన్నది. దాని వెనుక ఒక శతాబ్దపు కథ ఉన్నది. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఇంజను తట్టు ఆగుతుందని కనుగొన్నాడు. ఆ సీసం వాల్వు సీట్లపై సన్నని పొరగా పేరుకొని వాటిని అరగకుండా కాపాడింది. అదే సీసం పసిపిల్లల మెదళ్ళను దెబ్బతీసింది. భారతదేశం 2000లో సీసపు పెట్రోలుకు స్వస్తి చెప్పింది. 2016 నాటికి మయన్మార్ మానింది. చివరిగా 2021లో అల్జీరియా మానింది. ఇది నిస్సందేహంగా మంచి పనే. కాని పాత ఇంజన్ల మెత్తని పోతఇనుప సీట్లు ఆ పొరను కోల్పోయాయి. 2004 తరువాత యాంగోన్ వాహనాలలో విస్తరించిన సహజవాయువు కూడా పొడి ఇంధనమే. సీటు అరిగినకొద్దీ, లేదా గ్రైండింగులో లోతుగా తరిగినకొద్దీ, వాల్వు హెడ్డులోనికి కుంగి కాడ పైకి లేస్తుంది. ట్యాపెటు ఎడం తరిగిపోతుంది. ఎడం పెరిగితే టకటకమని చప్పుడు హెచ్చరిస్తుంది. తరిగితే ఏ చప్పుడూ ఉండదు. పూర్తిగా మూసుకోలేని వాల్వు తన వేడిని సీటుకు అందించలేక కాలిపోతుంది. యాంగోన్ టాక్సీలుగా పేరొందిన టొయోటా ప్రోబాక్సు బండ్లలోని ఒకటిన్నర లీటర్ల ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కు 0.15 నుండి 0.25, ఎగ్జాస్టుకు 0.25 నుండి 0.35 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఇది చెవికి అందేది కాదు, ఫీలర్ గేజికి మాత్రమే అందుతుంది.

‘చేతి అంచనాతోనే ఇన్నేళ్ళు నడిపాము’ అనే మేస్త్రీల మాటను కొట్టివేయరాదు. రెండవ ప్రపంచయుద్ధకాలపు షెవర్లే లారీలను బస్సులుగా మార్చి, 2000 దాటిన తరువాత కూడా యాంగోన్ వీధులలో నడిపినది ఆ చేతులే. కోరంగి రేవునుండి ఓడలెక్కి వచ్చి ఓడరేవులో, బియ్యపు మిల్లులలో చెమటోడ్చిన తెలుగువారి సంతతికి ఆ నేర్పు విలువ వేరొకరు చెప్పనవసరం లేదు. అయితే ఆ పాత ఇంజను తప్పును సహించేది, నేటి ఇంజను సహించదు. అనుభవం దోషం ఎక్కడున్నదో పసిగడుతుంది. ఎంత ఉన్నదో కొలత చెబుతుంది. ఒకటి మరొకదానికి బదులు కాజాలదు.

2011లో మయన్మార్ ప్రభుత్వం నలభయ్యేళ్ళు దాటిన బండ్లను అప్పగించినవారికి దిగుమతి అనుమతులిచ్చినప్పుడు పాత బండ్ల సమస్య తీరిందనుకున్నారు. 2021లో కార్ల దిగుమతి నిలిచిపోవడంతో ఉన్న బండినే బాగుచేసుకొనే రోజులు మళ్ళీ వచ్చాయి. ఇటువంటి సమయంలో అనవసరపు బోరింగు ఒక డ్రైవరు కుటుంబాన్ని అప్పులపాలు చేయగలదు.

కావున చేయవలసినవి మూడు. హెడ్డు విప్పిన ప్రతిసారీ సీళ్ళు క్రొత్తవే వేయాలి. రిటైనరు ఎడమూ, ట్యాపెటు ఎడమూ కొలిచి బిల్లుపై అంకెలు వ్రాసి ఇవ్వాలి. అంకె వ్రాయని మరమ్మత్తుకు బండివారు డబ్బు చెల్లించడానికి తొందరపడరాదు. మూడవది తెలుగు సంఘాల బాధ్యత. పండుగలకు వెచ్చించే దానిలో స్వల్పభాగంతో, ఈ కొలతలను తెలుగులోనూ బర్మీస్‌లోనూ ఒక్క అట్టపై ముద్రించి షెడ్లకు పంచవచ్చు. పని నేర్చుకొనే కుర్రవానికి ఒక ఫీలర్ గేజి బహూకరించవచ్చు.

ఆ నీలిపొగను పీల్చేది బండి యజమాని ఒక్కడే కాదు. చౌక్తడా ఇరుకు సందులలో బడికి నడిచే పిల్లలూ, కాలిబాటపై టీ అమ్మేవారూ దానిని పీలుస్తున్నారు. ఒకటిన్నర మిల్లీమీటర్లు కొలవడానికి పట్టే అయిదు నిమిషాలు వారికి చెల్లించవలసిన బాకీ.