రోజుకో ప్లేటు

రోజుకో విషయం అనుకుని, దానికి తగ్గ రికార్డు బీరువాలోంచి తీయడం నా సరదా. సోమవారం గోదావరి: ‘మూగమనసులు’ (1964). మహదేవన్ బాణీలు వింటుంటే పడవెక్కినట్టే! మంగళవారం శాస్త్రీయం. ఇంకేముంది, బాలుకు తొలి జాతీయ అవార్డు తెచ్చిన ‘శంకరాభరణం’ (1980) ఎల్.పి. బుధవారం పెళ్లి సందడి: ‘మాయాబజార్’ (1957).

గురువారం విరహం. ఇక్కడే వచ్చింది చిక్కు! ‘దేవదాసు’ 78 ప్లేటు నా దగ్గర ఒక్కటే ఉంది. ముల్లు పెట్టిన ప్రతిసారీ గాడి కాస్త అరుగుతుంది. దాచనా, వేయనా? 1953లో ఆ సినిమా వచ్చేనాటికే సంగీతం కట్టిన సుబ్బరామన్ లేరు. పాడిన ఘంటసాల 1974లో వెళ్లిపోయారు. ఇక నేనూ దాచేస్తే వాళ్లను వినేదెవరు? వేసేశాను. మూడు నిమిషాలే, కానీ గదంతా ఘంటసాలే!

ప్లేటు అరిగినా ఫరవాలేదు, మూగబోకూడదు. మరి మీ శుక్రవారానికి ఏ పాట?