క్షార జలం: ఒక మిల్లీలీటరు లెక్క

“మీ శరీరం ఆమ్లమయమైపోయింది. సకల రోగాలకూ మూలం అదే. క్షార జలం త్రాగండి, అన్నీ తొలగిపోతాయి.” ఖరీదైన నీటి యంత్రాలను అంటగట్టడానికి ఇంటింటికీ వచ్చేవారు వల్లించే పాఠమిది. చదువుకున్నవారు సైతం తలలూపి వింటున్నారు గనుక పదవ తరగతి రసాయన శాస్త్రాన్ని మళ్ళీ తెరవక తప్పడం లేదు.

పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. ద్రావణంలోని హైడ్రోజన్ అయానుల గాఢతను అది తెలుపుతుంది. ఒక్క అంకె తగ్గితే ఆ గాఢత పదిరెట్లు పెరిగినట్లు. అమ్మకందారు చెప్పనిది సరిగ్గా ఈ సంగతే. యంత్రం ఇచ్చే నీటి పీహెచ్ 9.5 అనీ, జఠర రసం పీహెచ్ 1.5 అనీ అనుకుందాం. లెక్క కట్టి చూడండి: ఒక లీటరు నీటిలోని క్షారాన్ని తటస్థీకరించడానికి ఒక్క మిల్లీలీటరు జఠర రసం చాలు! నీటిలో బైకార్బొనేటు లవణాలుంటే కొన్ని పదుల మిల్లీలీటర్లు కావలసి రావచ్చు. మన జీర్ణాశయం రోజుకు లీటరున్నర దాకా ఆ రసాన్ని స్రవిస్తుంది. ఇక ఆ క్షారం రక్తాన్ని మార్చేదెప్పుడు?

రక్తం పీహెచ్ 7.35, 7.45ల మధ్యనే ఉంటుంది. దానిని అక్కడ నిలిపేవి రక్తంలోని బైకార్బొనేటు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు. కార్బన్ డయాక్సైడు రూపంలో రోజుకు సుమారు 15,000 మిల్లీమోల్‌ల ఆమ్లాన్ని మనం ఊపిరితోనే వదిలేస్తున్నాం. పైన చెప్పిన లీటరు నీటిలో ఉన్న క్షారం ఒక మిల్లీమోల్‌లో ముప్ఫయ్యో వంతు.

రంగుచుక్కల ప్రదర్శన మరొక గారడి. శుద్ధజలం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని స్వల్పంగా ఆమ్లమవుతుంది, చుక్క పడగానే పసుపురంగు చూపుతుంది. అందులో హాని లేదు.

డబ్బు పోతే పోయిందనుకోవచ్చు, ప్రాణం మాటేమిటి? రక్తం నిజంగా ఆమ్లమయ్యే స్థితులున్నాయి. ఇన్సులిన్ మానేసిన మధుమేహ రోగిలో కీటోన్ ఆమ్లాలు పేరుకుంటాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. ఆ వేళ కావలసింది ఆసుపత్రి, ఇన్సులిన్, సెలైను. గ్లాసు నీళ్ళు పట్టిస్తూ కూర్చుంటే గంటలు జారిపోతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి రక్తపరీక్ష చూసి, కొలిచి ఇచ్చే సోడియం బైకార్బొనేటు మాత్రలను ఈ నీటిని నమ్మి మానడం కూడా ప్రమాదమే. అమెరికాలో ఈ సిద్ధాంతంపై పుస్తకాలు వ్రాసిన రాబర్ట్ యంగ్ అనుమతి లేకుండా వైద్యం చేసినందుకు 2016లో దోషిగా తేలాడు. అతని మాట నమ్మి సరైన చికిత్సకు దూరమైన ఒక క్యాన్సర్ రోగికి 10.5 కోట్ల డాలర్లు చెల్లించాలని 2018లో అక్కడి జ్యూరీ తీర్పు చెప్పింది.

నీటిలో కొలవవలసినవి లేవని కాదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఎముకలను వంచినది ఫ్లోరైడు. ఫ్లోరైడు అధికంగా ఉండే భూగర్భ జలం తరచు క్షారగుణం కలదే! భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు. బోరునీరు త్రాగేవారు యంత్రం కొనేముందు ఒక సీసాడు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి, ఆ అంకె తెలుసుకోండి.