ఆ ‘ఇండియన్స్’ మనం కాదు

మెషిన్ లెర్నింగ్ మినీ ప్రాజెక్టుల లిస్టు ఏ ఏడాదిది తీసినా అందులో ‘డయాబెటిస్ ప్రెడిక్షన్’ ఒకటి ఉంటుంది. డేటా కూడా ఒకటే: పిమా ఇండియన్స్ డయాబెటిస్ డేటాసెట్. 768 వరుసలు, ఎనిమిది కొలతలు. పేరులో ఇండియన్స్ అని ఉంది కదా అని పోస్టర్ మీద పల్లెటూరి ముసలమ్మ బొమ్మ పెట్టి ‘గ్రామీణ భారతం కోసం’ అని రాసేస్తారు. పిమా అంటే అమెరికాలో అరిజోనా ప్రాంతపు ఆదివాసీ తెగ. ఆ 768 మందీ ఆ తెగ ఆడవాళ్లే, అందరూ 21 ఏళ్లు నిండినవాళ్లే. ఏలూరు నుంచి గానీ, తాడేపల్లిగూడెం నుంచి గానీ, కొల్లేటి లంకల నుంచి గానీ అందులో ఒక్కరూ లేరు. మగవాళ్లు అసలే లేరు.

“పద్ధతి నేర్చుకోవడానికే కదా” అంటారు. నిజమే, నేర్చుకోవడానికి అది మంచి డేటానే. కానీ అక్కడితో ఆగిపోయి మనవాళ్ల జబ్బుకి ఏదో చేసేశాం అనుకోవడమే నాకు నచ్చనిది.

ఎందుకంటే ఒళ్లు అందరిదీ ఒకటి కాదు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి కొలతలే అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన మోడల్‌కి బీఎంఐ కాలమ్‌లో ఈ ఇద్దరూ ఒకే మనిషి! సన్నగా ఉన్నవాళ్లకి షుగర్ రాదనుకునే మన ఇళ్లలో ఈ తేడా చిన్నది కాదు. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది.

వయసు సంగతీ అంతే. డేటాలో అదొక అంకె. ఒంట్లో మాత్రం వయసుతో కండ తగ్గుతుంది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటా కండలోకే వెళ్తుంది కాబట్టి, కండ కరిగితే దానికి చోటు తగ్గినట్టే. చేపల చెరువుల్లో ఏళ్ల తరబడి వల లాగిన మనిషి అరవై దాటాక గట్టు మీద కూర్చుంటే, బరువు అంతే ఉండి లోపల కండ పోయి కొవ్వు చేరొచ్చు. దీనికి ఆ ఫైల్లో కాలమ్ లేదు.

ఇక్కడే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో చేసింది ఒక కొలిచే పద్ధతి. రంగు ఎంత వచ్చిందో చూసి భాస్వరం ఎంతుందో చెప్పేది. కండ మీద వాడితే రంగు రావాల్సినంత త్వరగా రాలేదు. తప్పొచ్చిందిలే అని పక్కన పెట్టలేదు వాళ్లు. ఎందుకని వెతికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండ శక్తిని ఎలా నిలవ చేసుకుంటుందో తెలియడానికి అది దారి వేసింది. మనమో, పిమా ఫైల్లో ఇన్సులిన్ దగ్గర 374 సున్నాలుంటే, అవి కొలవని చోట్లని తెలిసినా, సగటు అంకె నింపేసి ఆక్యురసీ ఎంతొచ్చిందో చెప్పుకుంటాం.

అందుకే నా ప్రతిపాదన. వచ్చే ఏడాది షుగర్ ప్రాజెక్టు చేసే టీమ్ ముందు కొలవాలి. సూది గుచ్చే పని మనది కాదు, అది ఏఎన్ఎంలకే వదిలేద్దాం. టేపు, స్టాప్‌వాచ్ చాలు. నడుము చుట్టుకొలత తీసుకుందాం, మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా ఐదుసార్లు లేచి కూర్చోమందాం. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ బలం తగ్గిందేమో చూడాలని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. కాలేజీ అనుమతి, డాక్టర్ సలహా, పెద్దవాళ్ల ఒప్పుకోలు ఉండాలి. పేర్లు ఫైల్లోకి ఎక్కించకూడదు. వచ్చిన అంకె వాళ్లకి తెలుగులో రాసి ఇవ్వాలి.

కైకలూరు వైపు రెండు ఊళ్లలో వంద మందిని కొలిస్తే జబ్బును ముందే చెప్పే మోడల్ రాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ వంద వరుసల్లో ప్రతిదాని వెనక ఎవరున్నారో మనకి తెలుస్తుంది. ఆక్యురసీ ఎంత అని అడిగే ముందు ఎవరి డేటా అని అడగడం అలవాటవుతుంది.