రేడియో ఒకటే, గురి రెండు

"పడిశం పది రోగాల పెట్టు" అనేవారు మన పెద్దలు. అమెరికా వచ్చాక ఆ మాటకి అర్థం బాగా తెలిసొచ్చింది. ఏప్రిల్ రాగానే కార్ల మీద పచ్చటి పుప్పొడి, ఇంటింటా తుమ్ములు. కొందరికి ఈ బాధ ఏడాది పొడుగునా ఉంటుంది. మందులతో లొంగకపోతే ఇక్కడి వైద్యులు "రేడియో ఫ్రీక్వెన్సీ చేయిద్దాం" అంటున్నారు. ముక్కు వరకే మత్తు, కుట్లు లేవు, ఆ పూటే ఇంటికి. వినడానికి బాగానే ఉంది. కాని ఈ ఒక్క పేరు కింద రెండు వేరు వేరు పనులున్నాయని చాలామందికి తెలియదు.

మా మిత్రుడొకాయన ఇది చేయించుకున్నాడు. ఆయన బాధ నీళ్ళలా ముక్కు కారటం. వేడి సాంబారు ముందు కూర్చుంటే చేతిరుమాలు తడవాల్సిందే. ఇప్పుడు గాలి హాయిగా ఆడుతోంది, రుమాలు మాత్రం తడుస్తూనే ఉంది. "రేడియో పని చెయ్యలేదు" అంటాడాయన. పని చేసింది, గురి తప్పింది అంటాను నేను.

ముక్కు లోపలి పక్కగోడల మీద టర్బినేట్లు అనే మడతలుంటాయి. పీల్చిన గాలిని వెచ్చబరచి, తడిపి పంపడం వాటి పని. అవి ఉబ్బితే ముక్కు దిబ్బడ. మొదటి పద్ధతిలో సన్నని కడ్డీని కింది టర్బినేటులోకి గుచ్చి విద్యుత్తుతో వేడి చేస్తారు. మానే క్రమంలో లోపలి కండ కుంచించుకుపోయి దారి వెడల్పవుతుంది. పైపొర చాలావరకు చెక్కుచెదరదు.

రెండో పద్ధతిలో గురి నరం మీద. "నీళ్ళు వదులు" అని గ్రంథులకి ఆజ్ఞ మోసుకొచ్చే నరం ముక్కు వెనక భాగంలో పొర కిందుగా పోతుంది. 2019 చివరలో ఎఫ్.డి.ఏ. అనుమతి పొందిన రైనెయిర్ అనే పరికరం ఆ చోటుని 60 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తుంది. ఆలోచన పాతదే. 1961లోనే గోల్డింగ్-వుడ్ అనే వైద్యుడు, ఇంకా వెనకనున్న విడియన్ నరాన్ని కత్తిరించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ నరం కంటికి కూడా తడి పంపుతుంది కనుక కొందరికి కళ్ళు పొడిబారేవి.

మరి ఫలితం? 2021లో ప్రచురించిన పరీక్షలో 116 మందికి, కొందరికి నిజంగాను, కొందరికి ఉత్తుత్తిగాను రైనెయిర్ చేశారు. మూడు నెలలకి లక్షణాలు కనీసం 30 శాతం తగ్గినవారు మొదటి జట్టులో 67.5 శాతం, రెండో జట్టులో 41 శాతం. తేడా నిజమే. కాని ఉత్తుత్తి వైద్యానికే నూటికి నలభై మంది తేలికపడ్డారంటే, "మా పక్కింటాయనకి తగ్గింది" అన్న మాటని ఎంత తూచి వినాలో చూడండి. అదే నరాన్ని చలితో గడ్డకట్టించే పద్ధతి పరీక్షలో ఆ అంకెలు 73.4, 36.5. అది చూసి చలిదే గెలుపనకండి. ఆ మనుషులు వేరు, ఆ పరీక్ష వేరు.

నా సలహా చిన్నది. మీ బాధ దిబ్బడా, కారటమా? ముందు తేల్చుకోండి. కారటమే అయితే ఇప్రట్రోపియం స్ప్రే సంగతి వైద్యుణ్ణి అడగండి. అది ఆ నరం మోసుకొచ్చే ఆజ్ఞనే గ్రంథి దగ్గర ఆపుతుంది. ఆ తరవాతే నరం మాట. బిల్లులో ఏ కోడు రాస్తారో కూడా అడగండి. 30802 అంటే టర్బినేటు. 2024 జనవరి నుంచి అమల్లో ఉన్న 31242 అంటే నరం.

"వేడి చేసేది దేన్ని?" అన్న ఒక్క ప్రశ్న మా మిత్రుడు అడగలేదు. ఆయనకెవరూ చెప్పనూ లేదు. మీరైనా అడగండి.