ఊపుకు ముందు నిలకడ

వేసవి సాయంత్రాలలో అమెరికాలోని పట్టణాల మైదానాలు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడే బాలబాలికలతో కళకళలాడుతుంటాయి. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్‌లో లిటిల్ లీగ్ ఆరంభమైన నాటి నుండి ఈ ఆట అక్కడి బాల్యంలో భాగమైంది. ఆ మైదానాలలో మరొక దృశ్యమూ కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ పసివాడు బ్యాటు పట్టి నిలుస్తాడు. “మోచేయి ఎత్తు” అని తండ్రి, “బంతిని చూడు” అని శిక్షకుడు, “గట్టిగా కొట్టు” అని తోటివారు ఒక్కసారిగా కేకలు వేస్తారు. బంతి దాటిపోతుంది. పసివాడు తల వంచుకొని వెనుదిరుగుతాడు. ఈ తప్పు నేర్చుకునేవానిది కాదు, నేర్పేవారిదని నా అభిప్రాయం.

పెద్దల పోటీలలో పిచ్చర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నుండి బంతి విసురుతాడు. గంటకు 90 మైళ్ళ వేగంతో వచ్చే ఆ బంతి అర సెకను లోపే బ్యాటును చేరుతుంది. పిల్లల ఆటలో వేగం తక్కువే కాని, దూరమూ తక్కువే. లిటిల్ లీగ్‌లో పన్నెండేళ్ళ వారికి అది 46 అడుగులు. అంతటి స్వల్పవ్యవధిలో ఉపదేశాలను స్మరించుకోవడానికి తావు లేదు. శరీరానికి అలవడిన విద్య మాత్రమే అక్కరకు వస్తుంది. కనుక బోధన బంతి రాకముందే, ఒక్కొక్క మెట్టుగా సాగాలి.

మొదటి మెట్టు పాదాలు. వాటిని భుజాల వెడల్పు కంటే కొంచెం ఎడంగా ఉంచి, మోకాళ్ళను కాస్త వంచి నిలవాలి. బ్యాటును అరచేతిలో అదిమిపెట్టక, వేళ్ళతో పట్టాలి. ముందు పాదం చిన్న అడుగు వేయాలి. పిదప నడుము తిరగాలి. ఆ వెనుకనే చేతులు రావాలి. బలం కాళ్ళ నుండి నడుముకు, నడుము నుండి చేతులకు ప్రవహిస్తుంది. కేవలం చేతులతో కొట్టబోయేవాడు ఆ ప్రవాహానికి తానే అడ్డుకట్ట వేసుకుంటాడు.

ఇక చూపు. ద్రోణుని పరీక్షలో అర్జునునికి పక్షి తల తప్ప మరేదీ కనిపించలేదు. అయితే ద్రోణుడు చెట్టుపై నిలిపినది కదలని కృత్రిమ పక్షి అని మనం మరచిపోతాం. కదిలే లక్ష్యానికి ముందు కదలని లక్ష్యం కావాలి. ‘టీ’ అనే నిలువు కడ్డీపై బంతిని ఉంచి కొట్టించడంలోని మర్మం ఇదే. ఆ తరువాతే పక్క నుండి మెల్లగా ఎగరవేసిన బంతి, చివరకు పిచ్చర్ విసిరే బంతి.

కొందరు పిల్లలు ప్రసిద్ధుల భంగిమలను అనుకరిస్తారు. జపాన్ క్రీడాకారుడు సదహారు ఓ 868 హోమ్ రన్లు సాధించాడు, వాటిలో అత్యధికం ఒంటికాలిపై నిలిచి కొట్టినవే. కాని ఆ భంగిమ 1962లో, సమయం తప్పుతున్న తన ఊపును సరిదిద్దుకోవడానికి గురువు పర్యవేక్షణలో చేసిన సాధన ఫలం. ఆయన కాలు ఎత్తడం అందరికీ కనిపిస్తుంది. దాని వెనుకనున్న నిలకడ కనిపించదు.

మన పాఠశాలలలో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలకు ఈ క్రమం మరింత అవసరం. క్రికెట్ అలవాటు వల్ల బ్యాటును నిలువుగా దించడం, నేలను తాకి లేచే బంతికై ఎదురుచూడడం వారికి సహజమై ఉంటుంది. అది దోషం కాదు, వేరొక విద్య. గద్దింపుతో అది మారదు.

వృత్తి బేస్‌బాల్‌లో పదింట మూడుసార్లు సఫలుడైనవాడే మేటి. అటువంటి ఆటలో పసివాని ప్రతి వైఫల్యానికీ కేకలు వేస్తే అతడు బ్యాటునే వదిలివేస్తాడు. ముందు నిలబడడం నేర్పుదాం. కొట్టడం దానంతట అదే వస్తుంది.